సకెల్లుమ్: గది కాదు, గుడి కాదు

పురాతన రోమ్‌లో ఒక దేవతకు కేటాయించి, బలిపీఠం నిలిపిన చిన్న పవిత్ర స్థలాన్ని లాటిన్‌లో ‘సకెల్లుమ్’ అన్నారు. మాట చిన్నదే కానీ, దాని చుట్టూ అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: ‘సకెర్’ (పవిత్రం), ‘కెల్లా’ (గది) కలిసిన సమాసమిది.

వాస్తవం: ఈ పొరపాటు వయసు రెండువేల ఏళ్లు. సిసెరో మిత్రుడూ న్యాయకోవిదుడూ అయిన ట్రెబాటియస్ అంతటివాడే ఈ వ్యుత్పత్తి చెప్పాడు. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఆలస్ గెల్లియస్ దాన్ని కొట్టిపారేశాడు. ఇది సమాసం కాదు, ‘సక్రుమ్’ అనే మాటకు చిన్నతనాన్ని తెలిపే రూపం అన్నాడు. వ్యాకరణం గెల్లియస్ పక్షానే ఉంది. ‘కెల్లా’ స్త్రీలింగం, చివర అదే ఉంటే మాట కూడా స్త్రీలింగమే కావాలి. సకెల్లుమ్ మాత్రం నపుంసకలింగం. ‘సక్ర్’కు ‘లుమ్’ చేరినప్పుడు మధ్యలో ఎ-కారం పుట్టింది, రకారం పక్కనున్న లకారంలో కలిసిపోయి ‘ల్ల’ అయింది. ఇంటర్‌లో జీవశాస్త్రం చదివినవాళ్లకు ఈ మార్పు ఎప్పుడో పరిచయం: సెరిబ్రమ్, దానికంటే చిన్నది సెరిబెల్లమ్.

అపోహ: గోడలూ కప్పూ ఉంటేనే సకెల్లుమ్.

వాస్తవం: కప్పు లేని పవిత్ర స్థలమనే ఫెస్టస్ నిఘంటువు చెబుతుంది. కట్టడం కన్నా బలిపీఠమే ముఖ్యం. లివీ చరిత్రలో క్రీ.పూ. 296 నాటి ఘటన చూడండి. వెర్జీనియా కులీన కుటుంబంలో పుట్టి, సామాన్య వర్గానికి చెందిన కాన్సుల్ వొలుమ్నియస్‌ను పెళ్లాడింది. ఆ కారణంతోనే కులీన స్త్రీలు శీలదేవత పుడికిటియా పూజకు ఆమెను రానివ్వలేదు. ఆమె ఊరుకోలేదు. వీకుస్ లాంగుస్ వీధిలోని తన ఇంట్లో ఒక సకెల్లుమ్‌కు సరిపడా చోటు విడదీసి, బలిపీఠం నిలిపి, సామాన్య వర్గపు ఇల్లాళ్లను పిలిచి వాళ్ల పుడికిటియాకు అంకితం చేసింది. ఆ అవమానానికి ఇంతకన్నా గొప్ప జవాబు ఉంటుందనుకోను.

అపోహ: ‘సకెల్లా’ స్త్రీలింగ ఏకవచనం.

వాస్తవం: చివరి ‘ఆ’ చూసి మోసపోవద్దు. అది సకెల్లుమ్‌కు బహువచనం, అంతే.

అపోహ: చర్చి ‘చాపెల్’ దీన్నుంచే పుట్టింది.

వాస్తవం: సిస్టీన్ చాపెల్‌ను లాటిన్‌లో ‘సకెల్లుమ్ సిక్స్టీనుమ్’ అంటారు కనుక ఈ భ్రమ సహజమే. కానీ చాపెల్‌కు మూలం ‘కాపెల్లా’, అంటే చిన్న అంగీ. ఫ్రాంకిష్ రాజులు సెయింట్ మార్టిన్ అంగీని పవిత్ర అవశేషంగా భద్రపరిచారు. దాన్ని ఉంచిన ప్రార్థనా స్థలానికి అంగీ పేరే స్థిరపడింది.