నెచ్చెలి పేరుతో సేవ – బీజాపూర్ మితానిన్‌లు

బైలడిలా అనే మాటకు ఎద్దు మూపురం అని అర్థం. దూరం నుండి చూచిన వారికి ఆ పర్వతశ్రేణి అట్లే కనిపిస్తుంది. 1968లో కిరండూల్ వద్ద ఇనుప ఖనిజం తవ్వకం ఆరంభమైన నాటి నుండి ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు ఆ కొండల పేరు సుపరిచితమే. కొత్తవలస నుండి కిరండూల్ వరకు రైలులో ప్రయాణించినవారు మన పాఠకులలో ఎందరో ఉండవచ్చును. అయితే ఆ రైలు మార్గం కొండలకు తూర్పున ఆగిపోతుంది. పడమటి వాలు దిగితే వచ్చేది బీజాపూర్ జిల్లా. గోల్‌గుంబజ్ ఉన్న కర్ణాటకలోని బీజాపూర్‌తో దీనిని కలిపి చూడరాదు. అది ఇప్పుడు విజయపుర. ఇది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, బస్తర్ సీమకు నైరుతి కొసన, గోదావరి అంచున ఉన్న బీజాపూర్.

తెలుగువారికి ఈ సీమ పరాయిది కాదు. భోపాల్‌పట్నం బజారులో తెలుగు వినిపిస్తుంది. దోర్లా గిరిజనుల మాటలో తెలుగు కలిసిపోయి ఉంటుంది. బాసగూడ మీదుగా ప్రవహించే తాలిపేరు సరిహద్దు దాటి చర్ల వద్ద మన జలాశయంలో చేరుతుంది. చింతవాగు అనే పేరుకు అర్థం ఎవరినీ అడగవలసిన పనిలేదు. 2007లో దంతెవాడ నుండి విడివడి జిల్లాగా ఏర్పడినపుడు దీనికి దక్కినవి నాలుగు బ్లాకులు – బీజాపూర్, భైరమ్‌గఢ్, భోపాల్‌పట్నం, ఉసూర్. 2011 జనగణన నాటికి జనాభా సుమారు రెండున్నర లక్షలు. హైదరాబాదులోని ఒక పెద్ద పేటలో ఉండే జనం అడవుల మధ్య, వాగుల మధ్య వేల చదరపు కిలోమీటర్లలో చెదరి ఉన్నారన్నమాట. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే ఇక్కడ ఇల్లు, దారి, వైద్యం అనే మూడు సమస్యలూ ఒకటే సమస్యగా ఎందుకు మారతాయో బోధపడుతుంది.

ఈ సమస్యతో ప్రతినిత్యం తలపడుతున్న స్త్రీలను గురించి మా పాఠకులకు పరిచయం చేయదలచినాము. వారిని మితానిన్‌లు అంటారు.

ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ఒక చక్కని ఆచారం ఉన్నది. ఇద్దరు ఆడపిల్లలు ఊరివారి ఎదుట స్నేహం కట్టుకుంటారు. ఆనాటి నుండి వారు ఒకరికొకరు మితానిన్‌లు. రక్తసంబంధం లేకున్నా కష్టసుఖాలలో తోబుట్టువుల వలె నిలబడవలెను. మన భాషలో నెచ్చెలి అనే మాట దీనికి దగ్గరగా ఉంటుంది గాని, దానికి ఇంత కట్టుబాటు లేదు. 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం ఏర్పడినపుడు అక్కడ పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువులలో 80కి దగ్గరగా ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. గ్రామీణ ఆసుపత్రులలో వైద్యులు లేరు. ఉన్న కొద్దిమందీ పట్టణం వదలి రారు. అప్పుడు ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ కలిసి ఆలోచించి 2002లో ఒక కార్యక్రమాన్ని ఆరంభించినవి. ప్రతి పల్లెకు కాదు, ప్రతి గూడేనికి ఒక ఆరోగ్య కార్యకర్త ఉండవలెను. ఆమెను అధికారులు కాక గూడెం వారే కూర్చుని ఎన్నుకోవలెను. ఆమెకు జీతం లేదు. ఆమె పేరు మితానిన్. కొద్ది సంవత్సరాలలోనే రాష్ట్రమంతటా వారి సంఖ్య 60 వేలకు చేరినది. 2005లో కేంద్ర ప్రభుత్వం జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఆశా కార్యకర్తల పథకాన్ని రూపొందించినపుడు ఈ అనుభవం దారి చూపినది.

"గూడేనికి ఒకరు" అనే ఆ నియమమే అన్నింటికంటె తెలివైన నిర్ణయమని మా అభిప్రాయం. బస్తర్‌లో ఊరు అంటే ఒకచోట చేరిన ఇళ్ళ గుంపు కాదు. ఒకే పేరు గల ఊరికి నాలుగైదు పారాలుంటాయి. ఒక పారాకు, మరొక పారాకు నడుమ పొలాలు, వాగు, ఒక్కొక్కచోట అడవి. వానాకాలంలో రాత్రి వేళ జ్వరం వచ్చిన పిల్లవానికి వాగు అవతల ఉన్న కార్యకర్త ఉన్నా లేనట్లే.

బీజాపూర్‌లో జ్వరమంటే ముందుగా అనుమానించవలసినది మలేరియాను. దోమ ద్వారా ఈ వ్యాధి వ్యాపిస్తుందనే సత్యాన్ని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. నూటపాతికేళ్ళకు పైబడిన తరువాత కూడ అక్కడి నుండి నాలుగైదు వందల కిలోమీటర్ల లోపే ఉన్న ఈ అడవులలో ఆ దోమ రాజ్యమేలుతూనే ఉన్నది. ఇక్కడి మలేరియాలో అధికభాగం ఫాల్సిపారం రకం. నిర్లక్ష్యం చేస్తే మెదడుకు సోకి ప్రాణం తీయగలదు.

మితానిన్ చేసే పని వినడానికి చిన్నదిగానే తోచును. వేలికొనను సూదితో గుచ్చి ఒక్క రక్తపు బొట్టును పరీక్ష పట్టీపై వేస్తుంది. పావుగంట, ఇరువది నిమిషాలలో గీతలు కనిపిస్తాయి. ఫాల్సిపారమైతే మూడు రోజుల మందు, రెండవనాడు ప్రైమాక్విన్. వైవాక్స్ అయితే మూడు రోజులు క్లోరోక్విన్, పదునాలుగు రోజులు ప్రైమాక్విన్. చిక్కు ఎక్కడ వస్తుందంటే, మొదటి మోతాదుకే జ్వరం దిగిపోతుంది. దిగిన జ్వరానికి మందెందుకని రోగి మిగిలిన మాత్రలను చూరులో దోపి పనికి వెళ్ళిపోతాడు. అందుచేత ఆమె మందు చేతికిచ్చి రాక, తిండి తిన్నాడో లేదో అడిగి, తన ఎదుటనే మింగించవలెను. మూడు రోజులూ వెళ్ళవలెను. పదునాలుగు రోజుల మందైతే ఎంత ఓర్పు కావలెనో చదువరులే ఊహించగలరు. మనలో ఎందరం వైద్యుడు వ్రాసిన మందులను చివరి మాత్ర వరకు వాడుచున్నాము?

2020 జనవరిలో "మలేరియా రహిత బస్తర్" పేరిట పెద్ద ప్రయత్నం మొదలైనది. జ్వరం ఉన్నవారిని మాత్రమే కాక ప్రతి ఇంటిలో ప్రతి మనిషినీ పరీక్షించడం దీని పద్ధతి. మొదటి విడతలోనే బస్తర్ ప్రాంతమంతటా 14 లక్షల మందికి పైగా పరీక్షలు చేయగా 64 వేలకు పైగా రోగులు బయటపడినారు. వారిలో సగానికి పైగా ఏ లక్షణాలూ లేనివారు! ఒంటిలో వ్యాధి ఉన్నట్లు వారికే తెలియదు; వారిని కుట్టిన దోమ మాత్రం పక్క ఇంటికి దానిని మోసుకుపోతుంది. నూటికి నాలుగున్నర దాటి ఉన్న ఆ పాళ్ళు తరువాతి విడతలలో ఒకటి దరిదాపులకు, ఆపై అంతకంటె తక్కువకు దిగినవి. ఏ జబ్బూ లేదనుకుంటున్న మనిషిని రక్తం ఇమ్మని, మందు మింగమని ఒప్పించినది ఎవరు? పట్టణం నుండి జీపులో వచ్చిన బృందాల వెంట ఆ గూడెం మనిషిగా, ఆ గూడెం మాటలో చెప్పగలిగిన మితానిన్ నడువనిదే ఇది సాధ్యమై ఉండేది కాదు.

ఇక ఇంటి సంగతి. మట్టిగోడల ఇల్లు, గోడకూ కప్పుకూ నడుమ ఖాళీ, కిటికీ లేని గది. దోమకు ఇంతకంటె ఏమి కావలెను? ఏటా మందు చల్లే సిబ్బంది వచ్చి గోడలపై పిచికారీ చేసి వెళ్తారు. గోడపై మందు మరకలు చూచి ఇల్లాలికి మనసొప్పదు. పండుగ వస్తే చక్కగా మట్టితో, పేడతో అలుకుతుంది. మందు అలుకు అడుగున పడిపోతుంది. ఇందులో ఆమె తప్పేమున్నది? ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం మన తల్లులు మనకు నేర్పినదే గదా. కొన్ని నెలలు అలకకమ్మా అని చెప్పడానికి గోడపత్రిక చాలదు, నెచ్చెలి కావలెను. దోమతెరలదీ ఇదే కథ. ఇంటిలో తెర ఉన్నా, ఇప్పపూవు ఏరే మార్చి, ఏప్రిల్ నెలలలోనూ, తునికాకు కోసే మే నెలలోనూ మనుషులు ఇంటిలో ఉండరు. చెట్ల కిందనే నిద్ర. తెరను వెంట తీసుకొని వెళ్ళమని గడప గడపకూ తిరిగి చెప్పవలసినదీ ఆమెయే. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య సమితికి జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఏటా పదివేల రూపాయల వరకు నిధి ఇచ్చే ఏర్పాటు ఉన్నది. చేతిపంపు చుట్టూ నిలిచిన నీరు తీయించడం, బావిలో మందు వేయించడం వంటివి ఆ సొమ్ముతో జరుగవలెను. సమితిలో ఆ మాట ఎత్తవలసిన బాధ్యత కూడ మితానిన్‌దే.

అసలు ఇల్లే నిలువని రోజులు కూడ ఇక్కడ గడచినవి. 2005 తరువాతి కల్లోలంలో వందలాది పల్లెలు చెదరిపోయినవి. వేలాది జనం రోడ్డు పక్కన వెలసిన శిబిరాలలో తలదాచుకున్నారు. మరెందరో గోదావరి వైపు దిగి ఖమ్మం, వరంగల్ అడవులలో ఆకుల గుడిసెలు వేసుకున్నారు. మనవారు గుత్తికోయలని పిలిచేది వారినే. పల్లె లేచిపోయినపుడు పల్లె ఎన్నుకున్న కార్యకర్త కూడ మూట కట్టుకొని వెళ్ళినది. ఆమె మందుల పెట్టె, పేర్లు వ్రాసుకున్న పుస్తకం, ఏ ఇంటిలో ఏ నెల కాన్పో తెలిసిన జ్ఞాపకం – అన్నీ ఒక్కసారిగా తెగిపోయినవి. అటువంటి వ్యవస్థను మరల అల్లుకొని రావడం రోడ్డు వేసినంత సులభం కాదు.

రోడ్డు మాట వచ్చినది కనుక దారి సంగతీ చెప్పుకొందాం. 108 వాహనం 2005 ఆగస్టు 15న హైదరాబాదులో పుట్టినది. 2011లో ఛత్తీస్‌గఢ్‌కు చేరినది. గర్భిణులకు, బాలింతలకు మహతారీ వాహనం వేరుగా ఉన్నది. కాని వాహనం తారురోడ్డు వరకే వస్తుంది. అక్కడికి చేర్చవలసినది మనుషులే. మంచాన్ని తిరగవేసి తాళ్ళు కట్టి డోలీ చేసి మోసుకుపోవడం, ఇంద్రావతి దగ్గర దోనె ఎక్కించడం, వాగు పొంగితే ఒడ్డున వేచి చూడడం. ఇటీవలి సంవత్సరాలలో ఇంద్రావతిపై కొత్త వంతెనలు లేచినవి, లోపలి ఊళ్ళకు రోడ్లు పడినవి. అయినను వంతెనకు దూరంగా ఉన్న గూడేలకు ఆ లెక్క మారలేదు. నెలలు నిండిన గర్భిణిని వానలు ముదరకముందే ఆసుపత్రికి దగ్గరలోని బంధువుల ఇంటికి పంపించమని నచ్చజెప్పగల కార్యకర్త ఒక డోలీ ప్రయాణాన్ని తప్పించినట్లే. మోసే నలుగురిని పిలవడం, ఫోను అందే గుట్ట మీదికి ఒకరిని పరుగెత్తించడం, ఆసుపత్రిలో రోగి మాటను వైద్యునికి హిందీలో చెప్పడం – ఇదంతా ఏ పథకం పట్టికలోనూ ప్రత్యేకంగా కనిపించదు.

2018 ఏప్రిల్ 14న భైరమ్‌గఢ్ బ్లాకులోని జాంగ్లాలో ఆయుష్మాన్ భారత్ కింద దేశంలో మొట్టమొదటి ఆరోగ్య కేంద్రాన్ని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించినారు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశా కార్యకర్తలను పురస్కారంతో గౌరవించినది. రాష్ట్రంలో శిశుమరణాలు 2020 నాటికి వెయ్యికి 38కి తగ్గినవి. ఈ కీర్తినంతా మితానిన్‌లకే కట్టబెట్టడం అతిశయోక్తి అవుతుంది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, రేషను బియ్యం అన్నీ పాలుపంచుకున్నవి. అయితే ఒక్క మాట చెప్పక తప్పదు. స్వచ్ఛందసేవ అనే పేరు మీద ఈ స్త్రీల చేత పగలూ రాత్రీ చేయించుకొని, చేసిన పనికి ఇంత అని లెక్కగట్టి ఇచ్చే ప్రోత్సాహకాలు ఎన్నో ఏండ్లుగా ఆలస్యంగా అందుతూ వచ్చినవి. నెలకు స్థిరమైన భృతి కోసం వారు రాయ్‌పూర్ వరకు వెళ్ళి ధర్నాలు చేయవలసి వచ్చినది. 2023 బడ్జెటులో రాష్ట్రం నెలకు 2,200 రూపాయలు ప్రకటించినది. నెల మొదటి తేదీన జీతం తీసుకొనే మనము ఆ అంకెను రెండుసార్లు చదువుట మంచిది.

సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు కూడ ఇందులో పని ఉన్నది. ప్రతి ఏటా చలి తగ్గే వేళకు బీజాపూర్ పల్లెల నుండి కూలీలు వెంకటాపురం, చర్ల, ఏటూరునాగారం వైపు మిరప కోతలకు దిగుతారు. 2020 లాక్‌డౌనులో వారిలో ఎందరో అడవి దారిన కాలినడకన తిరిగి వెళ్ళినారు. తోటల పక్కన ప్లాస్టిక్ పట్టాల కింద వారాల తరబడి ఉండే ఆ మనుషులకు గోడలూ లేవు, తెరలూ లేవు. అక్కడ పట్టుకున్న జ్వరం ఇక్కడికీ, ఇక్కడి జ్వరం అక్కడికీ కూలీల వెంట తిరుగుతూనే ఉంటుంది. కోతలు ముగిసి మూటలతో ఊరు చేరిన కుటుంబాలను వచ్చిన మొదటి సాయంత్రమే పలకరించి వేలు చాపమని అడగవలసినది ఆ గూడెం మితానిన్. ఆ మూటలలో మిరపకాయలతోపాటు ఇక్కడి నుండి ఒక్కొక్క దోమతెరను కూడ పంపగలిగితే ఆమె పని కొంత తేలిక అవుతుంది. భద్రాచలం, ములుగు వైపు ఉద్యోగంలో ఉన్న మన సోదరులు ఈ విషయం ఆలోచింతురు గాక.