ముందుగా తీసిన పిడికెడు

దేవునికి మహిమ కలిగేలా బతకాలన్న మాట క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవాళ్ళు చిన్ననాటి నుంచీ వింటూనే ఉంటారు. ఆదివారం గుడిలో వింటారు, పెళ్ళిళ్ళలో వింటారు, సమాధుల తోటలో కూడా వింటారు. అయితే తెల్లవారకముందే లేచి, టిఫిను డబ్బా సర్దుకుని బెంగళూరు రైలెక్కే మనిషి ఆ మాటను రోజంతా ఎక్కడ పెట్టుకోవాలి? కుళాయి దగ్గర బిందెతో వరుసలో నిలబడ్డ ఇల్లాలు ఏం చేయాలి? మా సంఘంలోని యువజనుల కూటంలో ఒక అమ్మాయి నన్ను సూటిగా ఇదే అడిగింది. "ఆదివారం సంగతి తెలుసు టీచరమ్మా, సోమవారం ఏం చేయాలో చెప్పండి" అంది. నాకు తోచిన జవాబును మన పత్రిక పాఠకులతో పంచుకుంటున్నాను. మనలో అన్ని మతాలవారూ ఉన్నారు. నేను మా ఇంటి మాటగా చెబుతాను, మీరు మీ ఇంటికి అన్వయించుకోండి.

బియ్యం కుండ పక్కన చిన్న కుండ

మాది కోలారు బంగారు గనుల ఊరు. మా పెద్దలు చిత్తూరు వైపు నుంచి గనుల్లో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. గని లైన్లలో ఒక గోడకు ఇటు తెలుగు, అటు తమిళం, ఎదురింట్లో కన్నడం. మా అవ్వకు చదువు రాదు. కాని ఆమె వంటింట్లో బియ్యం కుండ పక్కన ఒక చిన్న కుండ ఉండేది. పొయ్యి అంటించకముందు, ఎసరు పెట్టకముందు, ఆ పూటకు కొలిచిన బియ్యంలో నుంచి ఒక పిడికెడు తీసి అందులో వేసేది. సంగటి కెలికే రోజైతే పిడికెడు రాగి పిండి వేరే గిన్నెలో పడేది. శనివారం సాయంత్రం స్త్రీల సమాజం వాళ్ళు సంచి పట్టుకుని వస్తే అందులో పోసేది.

ఇది మా అవ్వ సొంతంగా కనిపెట్టినది కాదు. తెలుగు దేశపు సంఘాల్లో చాలాకాలంగా ఉన్న అలవాటే. దోర్నకల్ బిషప్పు అజరయ్య గారి పేరు మీలో కొందరైనా వినే ఉంటారు. ఆయన తెలుగువారు కారు. తిరునెల్వేలి జిల్లాలో 1874లో పుట్టిన తమిళుడు. తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో సేవకు వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా దోర్నకల్‌నే తన ఊరు చేసుకున్నారు. ఆయన ప్రాంతంలోని విశ్వాసుల్లో ఎక్కువమంది కూలి చేసుకునే పేదలు. వాళ్ళ చేతిలో డబ్బు ఆడేది కాదు. అయినా ఇవ్వడం ధనికుల పని మాత్రమే అని ఆయన అనుకోలేదు. నాణెం లేనివాడి ఇంట్లో కూడా గింజ ఉంటుంది, వండుకునే ముందు పిడికెడు పక్కన పెట్టగలడు అన్నది ఆ సంఘాల పద్ధతి. ఈశాన్యాన మిజోరం స్త్రీలు కూడా 1910 నుంచి ఇలాగే పిడికెడు బియ్యం తీసిపెడుతున్నారు.

ఇందులో నాకు ముఖ్యంగా తోచేది ఆ పిడికెడు ఎప్పుడు తీస్తామన్నది. వండకముందే తీయాలి. అందరూ తిన్నాక కుండలో మిగిలింది ఎవరికైనా పెడితే అదీ పుణ్యమే, కాదనను. కాని మన ఇంటికి పెద్దవాళ్ళు వస్తే, మనం తిన్నాక మిగిలింది వడ్డిస్తామా? ముందు వాళ్ళకు విస్తరి వేసి, తర్వాతే మనం కూర్చుంటాం. గౌరవం అంటే మన తెలుగిళ్ళలో అదే. బైబిలులో సామెతల గ్రంథం మూడో అధ్యాయం కూడా మొదటి పంటతో దేవుణ్ణి ఘనపరచమనే చెబుతుంది. సారెపతు ఊరి విధవరాలి కథ తెలిసినవాళ్ళకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. కరువు రోజుల్లో ఆమె దగ్గర ఉన్నది పిడికెడు పిండి, కొంచెం నూనె. ఏలీయా ప్రవక్త ఆ కొంచెంలోనే ముందు తనకొక చిన్న అప్పం చేసి తెమ్మన్నాడు. ఆమె చేసింది. కరువు తీరేదాకా ఆ ఇంట్లో పిండి తరగలేదు.

గనులు మూసిన తర్వాత

2001 ఫిబ్రవరి 28న మా ఊరి గనులు మూసేశారు. నూట ఇరవై ఏళ్ళకు దగ్గరగా నడిచిన పని ఆగిపోయింది. ఆ నెలల్లో లైన్లలో పరిస్థితి చూసినవాళ్ళకే తెలుసు. నెల జీతం మీద బతికిన ఇళ్ళు ఒక్కసారిగా చేతులు చూసుకోవలసి వచ్చింది. మా అవ్వ అప్పటికి లేదు. మా అమ్మ మాత్రం చిన్న కుండ తీసేయలేదు. "మనకే చాలని రోజుల్లో ఇది ఎందుకమ్మా" అని మా తమ్ముడు అంటే, "చాలని రోజుల్లోనే కదరా నాయనా, ఆ పిడికెడుతో ఒక ఇంటికి పని పడేది" అంది.

ఆ ఏడాది స్త్రీల సమాజం సంచిలోని బియ్యం వేలం వేయలేదు. అంతకుముందు వేలం పాడి, వచ్చిన డబ్బు గుడి ఖర్చులకు వాడేవారు. ఇప్పుడు బియ్యాన్నే పొట్లాలు కట్టి, చీకటి పడ్డాక ఇళ్ళకు చేర్చారు. నిరుడు పిడికెడు వేసిన ఇళ్ళే కొన్ని ఈ ఏడాది పొట్లం అందుకున్నాయి. పొట్లం మీద పేరుండదు గనుక ఇచ్చినవాళ్ళెవరో, పుచ్చుకున్నవాళ్ళెవరో వీధికి తెలియలేదు. ఎవరి తలా వంగలేదు. ఆ పొట్లాలు మా సంఘానికి మాత్రమే పరిమితం కాలేదు. పొయ్యి వెలగని ఇల్లు ఏదన్నదే చూశారు.

కూలి డబ్బు ఎవరి ముందు

పిడికెడు బియ్యం తీసి, పనిమనిషి జీతం ఎగ్గొడితే దేవునికి మహిమ కలుగుతుందా? గనులు మూశాక మా తమ్ముడు బెంగళూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర కాపలా పనికి చేరాడు. ఆ ఆఫీసు గోడ మీద వాక్యాలు రాసిన క్యాలెండరు ఉండేది. పొద్దున్నే ప్రార్థన కూడా జరిగేది. జీతం మాత్రం ఒకటో తేదీన రావలసింది ఇరవయ్యో తేదీ దాటేది. ఇంటి అద్దె అడిగేవాడికి ఆ క్యాలెండరు చూపించలేం కదా! కూలివాడి కూలి మర్నాటి దాకా నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలో ఉంది. అదే అధ్యాయం తూకం రాళ్ళూ కొలతలూ సరిగా ఉండాలని కూడా చెబుతుంది. గుడిలో ఎలా ఉండాలో చెప్పిన గ్రంథమే అంగడిలో ఎలా ఉండాలో కూడా చెప్పింది.

మన తెలుగు క్రైస్తవుల చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలాదిమందికి పని ఇప్పించారు. మద్రాసు దాకా సాగే ఆ కాలువ గట్లను తమిళనాడులోని మన పాఠకులు చూసే ఉంటారు. ఆ పని జరుగుతున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన ఉద్దేశం. పని పనిగా జరిగింది, కూలి కూలిగా అందింది. దేవుని పేరు చెప్పి ఆకలిగొన్నవాణ్ణి కొనుక్కోకపోవడం కూడా దేవుణ్ణి గౌరవించడమే.

ఒక గ్లాసు సంగతి

ఇంకో మాట చెప్పక తప్పదు. చాలా ఇళ్ళలో పనమ్మాయికీ, వీధి ఊడ్చే మనిషికీ టీ ఇచ్చే గ్లాసు వేరే ఉంటుంది. అది గూట్లోనో, కిటికీ మీదో బోర్లించి ఉంటుంది. క్రైస్తవుల ఇళ్ళలో కూడా ఇది చూశాను. ఆదివారం ప్రభు భోజనంలో అందరం ఒకే బల్ల దగ్గర మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. సోమవారం పొద్దున ఆ కిటికీ మీది గ్లాసు ఆదివారం చేసినదాన్ని కొట్టిపారేస్తుంది. తెలుగునాట మొదటి తరం క్రైస్తవుల్లో ఎక్కువమంది ఊరి బావి దగ్గరికి రానీయని జనం. ఆ సంగతి మరచిపోయి మనమే మరొకరికి గ్లాసు వేరు చేస్తే, మన తాతలు పడిన బాధకు విలువ లేకుండా పోతుంది.

పొద్దున్నే కొంచెం సమయం

సమయం కూడా బియ్యం లాంటిదే. రోజంతా ఖర్చుపెట్టాక మిగిలేది నిద్రమత్తే. అందుకే పాతతరం వాళ్ళు కుటుంబ ప్రార్థనను ఇంటి పనులకంటే ముందు పెట్టుకున్నారు. మా ఇంట్లో పిల్లలకు దానివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. బడిలో కన్నడమో, తమిళమో, ఇంగ్లీషో చదువుకున్న మేము తెలుగు అక్షరాలు నేర్చుకున్నది బైబిలులోనూ, కీర్తనల పుస్తకంలోనూ. ఆ పుస్తకంలో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో నేటి ఒడిశాలోని పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు. ఆయన పాటలు ఇటు కోలారు గనుల లైన్లలో కూడా తెలుగును నిలబెట్టాయి. ఇప్పుడు లేవగానే చెయ్యి ఫోను మీదికి పోతోంది. ఫోను ముట్టుకోకముందు పది నిమిషాలు చాలు. ఒక అధ్యాయం, ఒక పాట, ఇంట్లో వాళ్ళందరి పేర్లతో ఒక ప్రార్థన.

కొత్తగా కాపురం పెట్టిన ఆడపిల్లలు నన్ను ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతుంటారు. బియ్యం డబ్బా పక్కన ఒక చిన్న డబ్బా పెట్టుకోమంటాను. పనివాళ్ళ జీతం నెల సరుకులకంటే ముందు లెక్క కట్టి పక్కన పెట్టమంటాను. ఇంట్లో గ్లాసులన్నీ ఒకే చోట ఉంచమంటాను. ఇవన్నీ ఎవరూ చూడని పనులు. ఏ సాక్ష్య కూటంలోనూ చెప్పుకోదగ్గవి కావు. డబ్బా నిండిన రోజున మాత్రం ఒక్క నిమిషం ఆగి, మీ వీధిలో ఈ వారం ఎవరి పొయ్యి ఆలస్యంగా వెలిగిందో గుర్తు చేసుకోండి. ఆ ఇల్లు ఏ మతం వారిదైనా సరే, చీకటి పడ్డాక వెళ్ళి ఇచ్చి రండి.