జీతంలో కోత – ఆరోగ్యానికి ఊత

జీతం చేతికి రాగానే చాలా ఇళ్లలో వినిపించే మొదటి మాట, "ఈ నెల కటింగులు ఎన్ని?" అని. ఆ కటింగుల్లో ఇ.ఎస్.ఐ. అనే చిన్న అంకె ఒకటి వుంటుంది. అది దేనికో చాలామందికి తెలియదు. జబ్బు చేసినప్పుడు మాత్రం వడ్డీకి అప్పు తెచ్చి ప్రైవేటు ఆసుపత్రికి పరుగెడతారు.

ఏమిటీ పథకం?

ప్రైవేటు సంస్థలలో పనిచేసేవారి కోసం ప్రభుత్వం 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం చేసింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో పథకం మొదలయింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలకు ఇది వర్తిస్తుంది. 2017 జనవరి నుంచి 21,000 రూపాయల వరకు నెల జీతం వున్నవారిని ఇందులో చేర్చారు. 2019 జూలైలో చందా తగ్గించి కార్మికుడి వాటా నూటికి 75 పైసలు, యజమాని వాటా 3 రూపాయల 25 పైసలు చేశారు. ఆ లెక్కన 12,000 రూపాయల జీతంలో కార్మికుడు ఇచ్చేది 90 రూపాయలు. యజమాని కలిపేది 390 రూపాయలు. దీనితో కార్మికుడికే కాక భార్యాబిడ్డలకు, ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం లభిస్తుంది.

మన జిల్లాలలో

నెల్లిమర్ల, రాజాం ప్రాంతాలలో ఎన్నో కుటుంబాలు జూట్ మిల్లుల మీద బతికాయి. నార పొడి ఏళ్ల తరబడి పీలిస్తే దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. వారపు సెలవు తరువాత పనికి వెళ్లిన మొదటి రోజునే ఛాతీ బిగుసుకుపోతుంటే అది "పడిశం" అని తోసివేయవద్దు. పొడి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు అది తొలి హెచ్చరిక కావచ్చు. మొదట్లో పట్టుకుంటే అదుపులో వుంటుంది. ముదిరితే పోయిన ఊపిరి పూర్తిగా తిరిగి రాదు. చుట్ట, బీడీ అలవాటుంటే ముప్పు రెట్టింపు.

పలాస జీడిపప్పు బట్టీలలో పనిచేసే ఆడవారికి జీడి తొక్కలోని నూనె తగిలి చేతులు పొక్కిపోతాయి. పనికి ముందు చేతులకు ఆముదం రాసుకోవటం, తొడుగులు వాడటం, సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టకపోవటం తప్పనిసరి. కిలో లెక్కన కూలి తీసుకుంటున్నా బీమా హక్కు పోదు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలలోలాగా కాంట్రాక్టరు కింద పనిచేసేవారికీ హక్కు వుంది. కాంట్రాక్టరు చందా కట్టకపోతే బాధ్యత ఫ్యాక్టరీ యజమానిదే.

జబ్బు దాచవద్దు

"పనికి పోకపోతే కూలి పోతుంది" అన్న భయంతోనే మనవాళ్లు జబ్బు దాస్తారు. ఆ భయాన్ని తీర్చటానికే పథకంలో అనారోగ్య భత్యం పెట్టారు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా జమ అయితే, దానికి సంబంధించిన కాలంలో డాక్టరు సర్టిఫికెట్ మీద జీతంలో నూటికి 70 వంతులు ఇస్తారు. ఏడాదికి 91 రోజుల వరకు ఈ డబ్బు వస్తుంది. క్షయ వంటి దీర్ఘవ్యాధులకు, రెండేళ్ల సర్వీసు తదితర షరతులు నెరవేరితే, నూటికి 80 వంతుల చొప్పున రెండేళ్ల దాకా ఇస్తారు. అందుచేత రెండు వారాలకు మించి దగ్గుంటే గళ్ల పరీక్ష చేయించుకోవటానికి వెనుకాడరాదు.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాలు 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏడాదికోసారి ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలంటున్నాయి. రక్తపోటు, మధుమేహం, ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న మూత్రపిండాల జబ్బు – ఇవన్నీ చప్పుడు లేకుండా వచ్చేవే. నొప్పి లేదు గదా అని పరీక్ష మానుకోకూడదు.

ఇల్లాలు చేయవలసినవి

ఒకటి: మీవారి బీమా నంబరు రాసి వుంచుకోండి. రెండు: మీ పేరు, పిల్లల పేర్లు, అత్తమామల పేర్లు అందులో నమోదయ్యాయో లేదో కనుక్కోండి. మూడు: చందా ప్రతినెలా జమ అవుతున్నదేమో జీతం చీటీ చూసి అడగండి. నాలుగు: మీకు దగ్గరలోని ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీ ఎక్కడో ముందే తెలుసుకోండి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వకూడదు. ఆ బావి మీ డబ్బుతో తవ్వించినదే. చేద వేయటం మాత్రం మీ పని.