స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో దేశాంతర డాక్యుమెంటరీలు: అపోహలు – వాస్తవాలు

స్టూడియోల అండ, టెలివిజన్ సంస్థల అండ లేకుండా పనిచేసే స్వతంత్ర డాక్యుమెంటరీ దర్శకులు ఇతర దేశాల సహచరులతో కలిసి చిత్రాలు నిర్మించడంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పాత్ర గణనీయమైనది. సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామును రాసిన మూల పాఠాన్ని, ఎవరైనా చదవడానికి, మార్చుకోవడానికి, తిరిగి పంచడానికి లైసెన్సు ద్వారానే హక్కు కల్పించే సాఫ్ట్‌వేర్ ఇది. ఓపెన్ సోర్స్ అన్న పేరు కూడా దాదాపు దీనికే వర్తిస్తుంది. దీని గురించి ప్రచారంలో ఉన్న అభిప్రాయాల్లో కొన్ని పూర్తిగా తప్పు, మరికొన్ని సగం నిజాలు కనుక, వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరం.

అపోహ 1: డబ్బు ఖర్చు కాదన్నదే దీని ప్రయోజనం.

వాస్తవం: ధర ఒక అంశం మాత్రమే. డావిన్చీ రిజాల్వ్ అనే ప్రసిద్ధ ఎడిటింగ్ ప్రోగ్రాము రుసుము లేకుండా కూడా దొరుకుతుంది. అయినా దాని సోర్స్ కోడ్ కంపెనీ అధీనంలోనే ఉంటుంది కనుక, ఏ సౌకర్యం అందరికీ అందాలో, ఏది డబ్బు చెల్లించినవారికే దక్కాలో నిర్ణయించేది ఆ కంపెనీయే. దీనికి భిన్నంగా, 2002లో మొదలై, కేడీఈ అనే అంతర్జాతీయ సముదాయం ఆధ్వర్యంలో రూపొందుతున్న కేడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాము జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద వెలువడుతుంది కాబట్టి, దానిని ఏ దేశంలోని వారైనా, ఎన్ని కంప్యూటర్లలోనైనా, ఎవరి అనుమతీ అడగకుండా వాడుకోవచ్చు. చందా కట్టగలిగిన భాగస్వామి చేతిలోనే ప్రాజెక్టు ఉండిపోయి, కట్టలేనివారు కేవలం ఫుటేజీ సరఫరా చేసేవారుగా మిగిలిపోయే పరిస్థితిని ఇది తప్పిస్తుంది. ఉమ్మడి నిర్మాణంలో దీని అసలు విలువ అక్కడే ఉంది.

అపోహ 2: ఇవి వృత్తి ప్రమాణాలకు తగిన పనిముట్లు కావు.

వాస్తవం: 2000లో ఫాబ్రిస్ బెలార్డ్ ప్రారంభించిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, వీడియోను ఒక ఫార్మాట్ నుంచి మరో ఫార్మాట్‌కు మార్చే పనిముట్టుగా, వాడేవారికి తెలియకుండానే అనేక వీడియో ప్రోగ్రాముల లోపల పనిచేస్తోంది. లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్, ఫ్రాన్స్, బెల్జియం భాగస్వాములతో కలిసి, బ్లెండర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో రూపొందించిన ‘ఫ్లో’ 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకుంది. అది డాక్యుమెంటరీ కాకపోయినా, పనిముట్టు సామర్థ్యానికీ దేశాంతర సహకారానికీ మంచి నిదర్శనం. చిత్రోత్సవాలు కోరే డీసీపీని, అంటే థియేటర్ ప్రొజెక్టర్లు చదవగలిగే డిజిటల్ ప్యాకేజీని, డీసీపీ-ఓ-మాటిక్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాముతో దర్శకులే సొంతంగా తయారుచేసుకోవచ్చు. అయితే కొన్ని కెమెరాల రా ఫుటేజీని నేరుగా చదవడంలోనూ, సూక్ష్మమైన కలర్ గ్రేడింగ్‌లోనూ వాణిజ్య ప్రోగ్రాములు ముందున్న మాట నిజమే కనుక, అవసరాన్నిబట్టి రెండింటినీ కలిపి వాడుకోవడంలో తప్పేమీ లేదు.

అపోహ 3: ఫుటేజీ అంతటినీ ఇంటర్నెట్‌లో పంపలేనివారు విదేశీ ఎడిటర్‌తో పనిచేయలేరు.

వాస్తవం: సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే కెమెరాలో ఒక గంట ఫుటేజీ సుమారు 45 గిగాబైట్లకు చేరుతుంది, అదే గంటను సెకనుకు 2 మెగాబిట్ల ప్రాక్సీగా, అంటే ఎడిటింగ్ కోసమే తయారుచేసే తేలికపాటి ప్రతిగా మారిస్తే, ఒక గిగాబైటుకు లోపే ఉంటుంది. ఎడిటర్ ప్రాక్సీలతోనే కూర్పు పూర్తిచేసి పంపితే, మూల ఫుటేజీ ఉన్నచోట తుది చిత్రం సిద్ధమవుతుంది. కేడెన్‌లైవ్ ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు. ఏ క్లిప్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలి, ఏ క్రమంలో రావాలి అన్న సూచనలు మాత్రమే ఎక్స్‌ఎంఎల్ అనే పాఠ్యరూపంలో ఉంటాయి కనుక, రోజువారీ మార్పులను చిన్న ఫైలుగా పంపుకోవచ్చు. ఇందుకు అందరూ ప్రోగ్రాము ఒకే వెర్షన్‌ను వాడటం, ఫోల్డర్ల అమరికనూ ఫైళ్ల పేర్లనూ చివరిదాకా మార్చకుండా ఉంచడం తప్పనిసరి. ఈ క్రమశిక్షణ లోపిస్తే ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోలేదు.

అపోహ 4: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో తీసిన చిత్రంపై దర్శకుడికి హక్కులుండవు.

వాస్తవం: జీపీఎల్ వర్తించేది ప్రోగ్రాముకే తప్ప, దానితో సృష్టించిన చిత్రానికి కాదు, చిత్రం కాపీరైటు నిర్మాతల ఒప్పందాన్నిబట్టే ఉంటుంది. చిత్రాన్ని ప్రజలు స్వేచ్ఛగా పంచుకోనివ్వాలనుకుంటే అది వేరే నిర్ణయం. అందుకోసం క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 నుంచి అందుబాటులో ఉన్నాయి. అలా విడుదలైన చిత్రానికి ఉత్సవాల్లో, థియేటర్లలో చోటు దొరకదన్న భయమూ సరికాదు. ఇంటర్నెట్ స్వేచ్ఛ కోసం పనిచేసిన ఉద్యమకారుడు ఆరన్ స్వార్ట్జ్ జీవితంపై బ్రయన్ నాపెన్‌బర్గర్ తీసిన ‘ది ఇంటర్నెట్స్ ఓన్ బాయ్’ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కిందనే వచ్చినా, 2014లో సన్‌డాన్స్ ఉత్సవంలో తొలిసారి ప్రదర్శితమై, తర్వాత థియేటర్లలోనూ విడుదలైంది.

అపోహ 5: కోడ్ అందరికీ కనిపిస్తుంది కనుక రహస్య సమాచారానికి రక్షణ ఉండదు.

వాస్తవం: బయటికి కనిపించేది తాళం నిర్మాణమే, తాళంచెవి వాడేవారి దగ్గరే ఉంటుంది. అమెరికా ప్రభుత్వ నిఘా రహస్యాలను బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్‌ను 2013లో హాంకాంగ్‌లో కలిసి చిత్రీకరించిన లారా పాయిట్రస్, ఆ ఫుటేజీతో రూపొందించిన ‘సిటిజన్‌ఫోర్’ చివర వచ్చే పేర్ల జాబితాలో టార్, టెయిల్స్, డెబియన్, జీఎన్‌యూ ప్రైవసీ గార్డ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులను పేరుపేరునా ప్రస్తావించారు. ఎవరు ఎవరితో సంప్రదిస్తున్నారో తెలియనివ్వనిది టార్. పెన్‌డ్రైవ్ నుంచే నడిచి, కంప్యూటర్‌లో ఆనవాళ్లు మిగల్చనిది టెయిల్స్. ఆ చిత్రానికి 2015లో ఉత్తమ డాక్యుమెంటరీ ఆస్కార్ లభించింది. అంతమాత్రాన తెరిచి ఉన్న కోడ్ దానంతటదే నిర్దోషి అయిపోదు. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం, ఇంటర్నెట్ సంభాషణలను గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో రెండేళ్లపాటు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. పరీక్షించే అవకాశం ఉండటమొక ఎత్తు, నిజంగా పరీక్షించడమొక ఎత్తు.

అపోహ 6: వీటిలో తెలుగు సబ్‌టైటిళ్ల ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి.

వాస్తవం: యూనికోడ్ కాని పాత ఫాంట్ల కాలంలో ఏర్పడిన అభిప్రాయమిది. అక్షరాలను సరైన క్రమంలో జతపరిచే హార్ఫ్‌బజ్, సబ్‌టైటిళ్లను తెరపై చిత్రించే లిబాస్ రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వీటి సాయంతో తెలుగును శుద్ధంగా వీడియోలో ముద్రించగలదు. అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ స్వేచ్ఛా లైసెన్సుతో అందించిన సూరన్న, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు, తెలుగు చిత్రాన్ని ఏ దేశంలోని సహచరుడి కంప్యూటర్‌లోనైనా ఒకే రూపంలో చూపే వీలు కల్పిస్తాయి.

అపోహ 7: పూర్తయిన చిత్రానికే విలువ, మిగిలిన ఫుటేజీని భద్రపరచి పంచడం అనవసరం.

వాస్తవం: ముంబైకి చెందిన మజ్లిస్, పాయింట్ ఆఫ్ వ్యూ, క్యాంప్ సంస్థలు, బెంగళూరులోని ఆల్టర్నేటివ్ లా ఫోరం, బెర్లిన్‌లోని ఆయిల్21 కలిసి 2008లో ప్రారంభించిన పాడ్‌మా అనే వీడియో భాండాగారం ఈ అభిప్రాయాన్ని మార్చింది. చిత్రంలో చేరని ఫుటేజీకి కూడా అక్కడ క్షణక్షణానికీ సంభాషణల పాఠం, వివరణలు, స్థలకాలాలు జతచేస్తారు కనుక, ఒక మాట కోసం వెతికితే దాన్ని పలికిన చోటికే వీడియో చేరుకుంటుంది. దానిని నడిపే పాండోరా సాఫ్ట్‌వేర్ కోడ్ అందరికీ తెరిచి ఉండటం వల్ల, కైరోలోని మోసిరీన్ బృందం 2011 నాటి ఈజిప్టు విప్లవానికి సంబంధించిన 858 గంటల ఫుటేజీని 2018లో అదే సాఫ్ట్‌వేర్‌పై ప్రజలకు అందించింది. భారతీయ ఫుటేజీ భాండాగారాన్ని నడిపే పనిముట్టు మరో ఖండపు చరిత్రకు ఆశ్రయమిచ్చింది. మూసిన కోడ్‌తో ఇది యజమాని దయమీద ఆధారపడి ఉండేది.

డాక్యుమెంటరీ చిత్రం తీసినవారి ఆస్తి మాత్రమే కాదు, అందులో కనిపించి మాట్లాడిన మనుషుల సాక్ష్యం కూడా. ఆ సాక్ష్యాన్ని పదేళ్ల తర్వాత కూడా భాగస్వాములందరూ తెరిచి చూసుకోగలగాలంటే, ఏ పనిముట్లు వాడాలి, ఏ ఫార్మాట్‌లో దాచాలి, మూల ఫుటేజీ ప్రతులు ఎవరెవరి వద్ద ఉండాలి అన్నవి చిత్రీకరణకు ముందే రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. ఆ ఒప్పందాన్ని ఏ పక్షమూ ఒంటరిగా రద్దు చేయలేని పునాదిపై నిలపడమే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ స్వతంత్ర దర్శకులకు చేసే గొప్ప మేలు.