ముందే తెరచుకొనే ద్వారం

ఉన్నత పాఠశాలలో ఉండగానే కళాశాల పాఠాలు చదివి, ఆ క్రెడిట్లను పట్టాకు జమ చేసుకొనే అవకాశాన్ని అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 1985లో కల్పించింది. దానికి చేరువైన మార్గం తెలుగునేలపైనా ఉంది. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ప్రజలు దీనిని ట్రిపుల్ ఐటీ అంటారు. పదవ తరగతి ముగియగానే ఇందులో చేరవచ్చు. ఆరేళ్ల చదువులో మొదటి రెండేళ్లు ఇంటర్మీడియట్‌కు సమానం. తక్కిన నాలుగేళ్లు ఇంజనీరింగు.

నాగర్‌కర్నూలు జిల్లా తెలకపల్లిలో చదివిన బాలికకు గోదావరి తీరాన బాసర ప్రాంగణంలో సీటు లభిస్తే, ఇంజనీరింగు కోసం మరొక ప్రవేశపరీక్ష రాయనక్కరలేదు. శిక్షణ కేంద్రాల వ్యయమూ తప్పుతుంది. అయితే పదిహేనేళ్ల ప్రాయంలోనే ఇల్లు విడవాలి, చదువు దిశను నిర్ణయించుకోవాలి. అందుచేత తన అభిరుచిని గుర్తెరిగి చేరిన విద్యార్థికే ఈ మార్గం మేలు చేస్తుంది.