గుండ్రని గ్లాసును గుండ్రంగా గీయకూడదు

జంషెడ్‌పూర్‌లోని సాక్చి బజారులో టీ గ్లాసు అంచును నేరుగా పైనుంచి చూస్తే వృత్తం. బల్ల మీద పెట్టి ఏటవాలుగా చూస్తే దీర్ఘవృత్తం. చూపు అంచు తలానికి 30 డిగ్రీల కోణంలో ఉంటే, ఆ దీర్ఘవృత్తం ఎత్తు వెడల్పులో సుమారు సగమే.

బొమ్మలు వేయడం కొత్తగా నేర్చుకునేవారు దాన్ని మరింత గుండ్రంగా గీస్తారు. లోపం చేతిది కాదు. గ్లాసు గుండ్రనిదని మెదడుకు ముందే తెలుసు. ఏ కోణంలో చూసినా వస్తువును గుర్తుపట్టడానికి తోడ్పడే ఈ గుణమే ‘ఆకార స్థిరత్వం’. వాలుగా ఉంచిన గుండ్రటి బిళ్ల, కంటిలో పడే బింబం కన్నా గుండ్రంగా తోస్తుందని 1931లో బ్రిటిష్ మనస్తత్వవేత్త రాబర్ట్ థౌలెస్ ప్రయోగాల్లో చూపారు.

పెట్టె గీసేటప్పుడూ ఇంతే. దూరంగా పోయే అంచులు దగ్గరవుతున్నట్టు కనిపిస్తున్నా, సమాంతరంగా గీసేస్తారు.

గీత వంకరపోవడానికి కారణం వేరు. మణికట్టు ఇరుసుగా చేయి తిరిగితే చిన్న చాపం వస్తుంది. భుజం నుంచి కదిపితే వ్యాసార్థం పెరిగి, వంపు తగ్గుతుంది.

సాధనకు పెన్సిలే కొలబద్ద. చేయి చాచి, ఒక కన్ను మూసి, గ్లాసు అంచు ఎత్తు వెడల్పులను పోల్చుకుని గీయాలి. తెలిసినదాన్ని కాక కనిపించేదాన్ని గీయడం అలా అలవాటవుతుంది.