ప్రత్తి విత్తనమందలి జన్యువు – దాని పరీక్ష

సోమశిలకు ఎగువన, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ విత్తనప్రత్తికి పేరుపొందిన సీమ. అచ్చటి రైతులు సాయంకాలమున ఆడ వరుసలలోని మొగ్గల నుండి కేసరములను తీసివేసి, మరునాటి యుదయమున మగ వరుసల పూల పుప్పొడిని వానికి అంటింతురు. దీనినే క్రాసింగు అందురు. ఇట్టి సంకరమున తల్లిదండ్రుల గుణములన్నియు కలగలిసి వచ్చును. ప్రత్తితో సంకరము పొందని వేఱొక జీవి గుణమును తెచ్చుట క్రాసింగు వలన కాదు. ఆ పనికై యేర్పడినదే జన్యు మార్పిడి విద్య. మనము విత్తుచున్న బీటీ ప్రత్తి దాని ఫలమే. కావున దాని మూలసూత్రములను రైతులు ఎఱిగియుండుట మేలు.

ప్రతి మొక్క యొక్క జీవకణములందును డీఎన్ఏ అను మిక్కిలి సన్నని జంటదారము కలదు. నాలుగు విధములైన రసాయన ఖండములు దానియందు అక్షరములవలె వరుసగా కూర్చబడియుండును. ఆ వ్రాతలో ఒక్కొక్క ప్రొటీను నిర్మాణమును తెలుపు భాగమునకు జన్యువని పేరు.

బాసిల్లస్ థురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి నేలయందుండును. దాని ప్రొటీను కాయతొలుచు పురుగుల ప్రేగులను చీల్చి వానిని చంపును. ఆ పేరును కుదించి బీటీ యందురు. శాస్త్రజ్ఞులు ఆ జన్యువును ఒక విధమైన ఎంజైములచే కత్తిరించి, లైగేజు అను మఱొక ఎంజైముచే వేఱు డీఎన్ఏతో అతికించిరి. మొక్కల మొదళ్లపై కంతులు పుట్టించు అగ్రోబాక్టీరియమునకు తన డీఎన్ఏ ముక్కను మొక్కలోనికి చొప్పించు స్వభావము కలదు. కంతులు కలిగించు జన్యువులను తీసివేసి, దానిని బండివలె వాడుకొని, బీటీ జన్యువును ప్రత్తి కణములకు చేర్చిరి. ఆ కణముల నుండి గాజుపాత్రలలో మొక్కలను పెంచిరి. పిదప మామూలు సంకరము చేతనే ఆ గుణము మన రకములలోనికి వచ్చినది. 2002 మార్చిలో బీటీ ప్రత్తికి కేంద్రప్రభుత్వము అనుమతి యొసగెను. రెండు జన్యువులు గల విత్తనము 2006లో వచ్చెను.

విత్తనమున జన్యువు కలదో లేదో కంటికి తెలియదు. ఆకు ముక్కను నూరి ద్రవమున కలిపి, అందు కాగితపు పట్టీ ముంచుట సులభమైన పరీక్ష. రెండు గీతలు కనబడిన ఆ ప్రొటీను కలదనియు, ఒక్క గీతయే కనబడిన లేదనియు తెలియును. జన్యువునే చూపునది పీసీఆర్ పరీక్ష. ఇందు డీఎన్ఏను వేడిచేసి చల్లార్చుచు, కోరిన ముక్కను మాటిమాటికి రెట్టింపు చేయుదురు. ముప్పది పర్యాయములలో ఒక్క ముక్క నూఱు కోట్లకు మించును. దానిని జిగురు పలకపై నుంచి విద్యుత్తు ప్రసరింపజేసిన, చిన్న ముక్కలు వేగముగను పెద్దవి మెల్లగను జరుగును. గీత నిలిచిన చోటును బట్టి జన్యువును గుర్తింతురు.

జన్యువున్నంత మాత్రమున పంటకు అన్ని విధముల రక్షణ యున్నట్లు కాదు. పచ్చదోమ, తెల్లదోమ వంటి రసము పీల్చు పురుగులపై బీటీ పనిచేయదు. గులాబిరంగు పురుగు మొదటి జన్యువును తట్టుకొనినట్లు 2010లో గుజరాతు నుండి ప్రకటన వెలువడెను. పిమ్మట రెండవదానికిని అలవాటుపడెను. ఇట్టి ముప్పును ఆపుటకే బీటీ విత్తుతోపాటు బీటీ కాని విత్తు నిచ్చుట యేర్పడినది. ఆ మొక్కలపై బ్రతికిన మామూలు పురుగులు, తట్టుకొను పురుగులతో జతకూడిన, తట్టుకొను శక్తి త్వరగా వ్యాపింపదు. తట్టుకొను పురుగులు పెరిగిన నష్టము ఒక్క చేనితో ఆగదు. ఊరి చేలన్నిటికిని తగులును.

మఱొక మాట. కలుపుమందును తట్టుకొను ప్రత్తికి మన దేశమున సాగు అనుమతి లేదు. అట్టి విత్తనమును రహస్యముగ అమ్మువారు రసీదు నీయరు. మొలక చెడిన అడుగుటకు ఆధారముండదు. అది విత్తనప్రత్తి చేలలో కలిసిన శుద్ధి పరీక్షలో లాటు నిలువదు. కూలి, ఎరువు, ఋణము రైతు తలపైననే పడును.

కావున సభ్యులు రసీదును, ఖాళీ పొట్లమును, దానిపైనున్న లాటు సంఖ్యను, గుప్పెడు విత్తనమును పంట చేతికి వచ్చువఱకు భద్రపఱుపవలయును. అనుమానము కలిగినప్పుడు వ్యవసాయాధికారికి వెంటనే తెలుపవలయును. పలువురు సభ్యులు కూడి అడిగిన అర్జీకి బలమధికము.